చిన్న సైనికుల బొమ్మలు: తయారీ, రంగులు, బల్ల మీది యుద్ధం (విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల అభిరుచిపరులు తరచుగా అడిగే ప్రశ్నలు)

విజయనగరంలో మా మేడ గదిలో కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకుంటున్న ఈ ఏళ్లలో చూడవచ్చిన వారు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ చేర్చాను. విదేశీయులు రాసిన సలహాలు చాలావరకు చల్లని, పొడి వాతావరణానికి సరిపోతాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో వాటిని ఉన్నవి ఉన్నట్లుగా పాటిస్తే బొమ్మ పాడవుతుంది. అందుకే ఇక్కడ నేను చేసి చూసినవే రాస్తున్నాను.

బల్ల మీది యుద్ధక్రీడ అంటే ఏమిటి?

ఒక పెద్ద బల్ల మీద కొండలు, ఇళ్లు, చెట్లు అమర్చి, రెండు పక్షాల సైనికుల బొమ్మలను నిలబెట్టి, టేపుతో దూరం కొలుస్తూ, పాచికలు వేసి ఫలితాలు తేల్చుకుంటూ ఆడే ఆట ఇది. 19వ శతాబ్దం తొలి దశకాలలో ప్రష్యా సైన్యాధికారులు శిక్షణ కోసం ఆడిన ఆట దీనికి మూలం. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం పేర్లతో చదరంగం పుట్టిన దేశంలో ఈ ఊహ మనకు కొత్త కాదు. తేడా ఏమిటంటే, ఇక్కడ గళ్లు ఉండవు, నేల ఎత్తుపల్లాలు ఉంటాయి, ప్రతి సైనికుడికీ ఒక ముఖం ఉంటుంది. ఆ ముఖానికి రంగు వేయడంలోనే చాలామందికి ఆట కంటే ఎక్కువ కాలం గడిచిపోతుంది. నాకూ అంతే.

ఏ కొలత బొమ్మలతో మొదలుపెట్టాలి?

28 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు, 1/72 (అసలు కొలతలో డెబ్బై రెండో వంతు) అనేవి ఎక్కువగా వినిపించే కొలతలు. 28 అంటే నిలబడిన మనిషి పాదం నుంచి కంటి వరకు సుమారుగా అంత ఎత్తు అని అర్థం, అయితే కొందరు తయారీదారులు తల పైభాగం వరకు కొలుస్తారు కనుక రెండు చోట్ల కొన్న బొమ్మలు పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ములలో పెద్దా చిన్నా తేడా కనిపిస్తుంది. 1/72లో మనిషి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటాడు. పది ఇరవై మంది సైనికులతో చిన్న పోరు ఆడాలనుకునేవారు 28తో, వందల మందితో కోట ముట్టడి ఆడాలనుకునేవారు 15తో మొదలుపెట్టడం మంచిది. చేయి ఇంకా కుదరని వారికి 28లో ముక్కు, చెవి, మీసం వేలికి తగిలేంత స్పష్టంగా ఉంటాయి కాబట్టి నా ఓటు దానికే.

ప్లాస్టిక్, రెజిన్, లోహం: ఏది మేలు?

గట్టి ప్లాస్టిక్ కోయడానికి, అతకడానికి, మార్పులు చేయడానికి అన్నింటికంటే సులువు. ప్లాస్టిక్ సిమెంట్ రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది, కనుక ఆ అతుకు ఊడదు. ఆ సిమెంట్ లోహానికీ, రెజిన్‌కూ (అచ్చులో పోసి గట్టిపరిచే రసాయన పదార్థం) పనిచేయదు. వాటికి ఫెవిక్విక్ వంటి తక్షణ జిగురు వాడాలి. రెజిన్‌లో నగిషీ చక్కగా వస్తుంది గానీ కింద పడితే కత్తి మొన ముందుగా విరుగుతుంది. లోహపు బొమ్మ చేతిలో బరువుగా, హాయిగా ఉంటుంది, అయితే పాత లోహపు బొమ్మలలో సీసం ఉండవచ్చు.

రంగు వేయడానికి ముందు బొమ్మను ఎలా సిద్ధం చేయాలి?

అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ చుట్టూ సన్నని గీత ఒకటి లేస్తుంది. రంగు వేయక ముందు అది కంటికి ఆనదు. వాష్ (గుంటల్లోకి దిగి నీడ తెచ్చే నీళ్లంత పలుచని రంగు) పడగానే భుజం మీద నుంచి కాలి దాకా గాయపు మచ్చలా బయటపడుతుంది. కత్తి అంచుతో కాక దాని వీపుతో, నెమ్మదిగా గీకి ఆ గీతను తీసేయండి. అచ్చు నుంచి బొమ్మ సులువుగా రావడానికి పూసిన జిడ్డు రెజిన్, లోహపు బొమ్మల మీద మిగిలి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని దాటేసిన బొమ్మ మీద రంగు పొరలుగా లేచిపోతుంది, అప్పుడు ఎంత విచారించినా మొదటికి రావలసిందే.

మన ప్రాంతపు సైనికుల బొమ్మలు దొరకడం కష్టం. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగినవారంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 18వ శతాబ్దపు యూరప్ సైనికుల పెట్టె ఒకటి కొని, వారి మూడు కోణాల టోపీలను కోసివేసి, ఎపాక్సీ పుట్టీతో తలపాగా చుట్టవచ్చు. బొమ్మల కోసం తయారైన ఆకుపచ్చ పుట్టీ దొరికితే సరే, దొరకకపోతే హార్డ్‌వేర్ దుకాణంలో అమ్మే ఎం-సీల్ చాలు. కాస్త గరుకుగా ఉంటుంది, సన్నని నగిషీకి లొంగదు గానీ తలపాగాకు ఆ గరుకుదనమే నూలు బట్టలా పనికి వస్తుంది.

రెండు ముద్దలనూ సమంగా తీసుకుని రంగు ఒకటయ్యే వరకు పిసకండి. పెసరగింజంత ముద్దను ముందుగా తల మీద అద్ది, గుండ్రంగా నొక్కి పునాది చేయండి. పావుగంట ఆగి, మిగిలిన ముద్దను తడి చేసిన గాజుపలక మీద వేలితో దొర్లించి దారంలా సాగదీయండి. ఆ దారాన్ని నుదుటి దగ్గర మొదలుపెట్టి, ఒక చుట్టు కుడికి వాలుగా, తరువాతి చుట్టు ఎడమకు వాలుగా వేస్తూ పోతే తలపాగా మడత నిజంగా చుట్టినట్లు వస్తుంది. చుట్లన్నీ ఒకే వాలుగా వేస్తే మాత్రం తల మీద చుట్టకుదురు పెట్టినట్లుంటుంది. చివరను చెవి వెనుక నుంచి కిందికి జారవిడిచి, గుండుసూది మొనతో రెండు మూడు గీతలు గీయండి. సూదిని ప్రతిసారీ నీటిలో ముంచాలి, లేకపోతే పుట్టీ దానికే అంటుకుని వచ్చేస్తుంది. రాత్రంతా ముట్టుకోకుండా వదిలేయండి.

పొడవాటి కోటు అంచులను కత్తిరించి, అదే పుట్టీని రేకులా పలుచగా ఒత్తి నడుముకు చుడితే దట్టీ అవుతుంది. తుపాకీ చివరి బాయొనెట్ కోసేసి, చేతికి డాలు తగిలించి, సన్నని ఇత్తడి తీగను సుత్తితో కొట్టి మొన తీస్తే బల్లెం. ఇలా చేసిన మొదటి నలుగురు సైనికులు నాకు ఒక నెల తీసుకున్నారు. ఐదవవాడు ఒక సాయంత్రంలో పూర్తయ్యాడు.

వర్షాకాలంలో ప్రైమర్ కొట్టవచ్చా?

వీలైతే వద్దు. రంగు బొమ్మను పట్టుకోవడానికి వేసే మొదటి పొరే ప్రైమర్, అది సరిగ్గా కుదరకపోతే పైన ఎంత పనితనం చూపినా వృథా. జూన్ నుంచి అక్టోబరు దాకా మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బాతో కొట్టిన ప్రైమర్ ఆలస్యంగా ఆరుతుంది, ఒక్కోసారి బూజు పట్టినట్లు మసకబారుతుంది. మే నెల మధ్యాహ్నం దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది: రంగు తుంపర బొమ్మను చేరే లోపే గాలిలో ఆరిపోయి, ఇసుక చల్లినట్లు గరుకుగా పడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొగమంచు విడిచిన తరువాత, పదకొండు గంటల నుంచి మూడు గంటల మధ్య కొట్టిన ప్రైమర్ నాకు ఎప్పుడూ చెడలేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు కోసం అటక మీది పెట్టెలు దింపే రోజుల్లోనే నేను ఆ ఏడాదికి సరిపడా సైనికులందరికీ ప్రైమర్ కొట్టేస్తాను.

డబ్బాను రెండు నిమిషాలపాటు బాగా ఊపి, బొమ్మకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకే చోట ఆపకుండా అటూ ఇటూ కదుపుతూ పలుచగా కొట్టాలి. వానాకాలంలో తప్పనిసరి అయితే కుంచెతో వేసే ప్రైమర్ వాడండి. నల్ల ప్రైమర్ మీద, పై నుంచి మాత్రమే తెల్లని తుంపర పడేలా కొడితే ఎండ నడినెత్తిన ఉన్నట్లు వెలుగునీడలు ముందుగానే తెలిసిపోతాయి. కొత్తవారికి ఇది మంచి గురువు.

స్టేషనరీ దుకాణంలో దొరికే అక్రిలిక్ రంగులు పనికివస్తాయా?

పనికివస్తాయి. కామెల్, ఫెవిక్రిల్ రంగులతో మొదలుపెట్టినందుకు చింతించవలసిన పని లేదు. బొమ్మల కోసమే తయారైన రంగుల్లో రంగుపొడి మరింత మెత్తగా ఉండి, పలుచని పొరలోనే నేలను కప్పుతుంది. మన రంగులు చిక్కగా ఉంటాయి కనుక పాలు పారినట్లు పారేంత వరకు నీళ్లు కలిపి, ఒక మందపు పొరకు బదులు రెండు మూడు పలుచని పొరలు వేయాలి. మందంగా వేస్తే బొమ్మ వేలిగోళ్లు, గుండీలు, మీసం మొదలైన నగిషీ అంతా పూడిపోతుంది. పసుపు, ఎరుపు రంగులు ఏ కంపెనీవైనా నేలను సరిగా కప్పవు. పసుపు కింద లేత గోధుమరంగు గానీ గులాబీ గానీ వేసుకుంటే నాలుగు పొరల పని రెండు పొరలలో అవుతుంది. లోహపు రంగులు మాత్రం మంచివి కొనండి, వాటిలో తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

రంగు పలకకు టిఫిన్ డబ్బా మూత చాలు. అడుగున తడి స్పంజి, దాని మీద బటర్ పేపర్ పరిస్తే రంగు గంటల తరబడి ఆరదు. మన వేడికి మూడో రోజుకే స్పంజి వాసన వస్తుంది కాబట్టి నీళ్లు రోజూ మార్చాలి.

ఎన్నో నంబరు కుంచె కొనాలి?

అందరూ అతి సన్నని కుంచె కోసం వెతుకుతారు, అది పొరపాటు. అంత సన్నని కుంచెలో నిలిచే రంగు చుక్క కంటి దగ్గరికి చేరే లోపే ఆరిపోతుంది. మొన చక్కగా కూడే 1వ నంబరు కుంచెతో ముఖం, గుండీలు, ఆయుధాలు అన్నీ వేయవచ్చు. రంగు కుంచె లోహపు పట్టీ దాకా ఎక్కనివ్వకండి. నీళ్ల గ్లాసులో కుంచెను తలకిందులుగా నిలబెట్టి భోజనానికి వెళ్లడం దానికి మరణశాసనం.

మన సైనికుల మేనిచాయ ఎలా తేవాలి?

విదేశీ సీసాల మీద చర్మం రంగు అని రాసి ఉన్నవి చాలావరకు గులాబీ చాయలే. వాటితో మన మనిషి రాడు. బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్ రంగులను సమంగా కలిపి, దానికి కాస్త బర్న్ట్ అంబర్ చేర్చండి, అది మొదటి పొర. దాని మీద నీళ్లంత పలుచని ముదురు గోధుమ వాష్ వేస్తే కళ్ల గుంటలు, ముక్కు పక్కలు, వేళ్ల సందులు నీడ పట్టుకుంటాయి. తరువాత ముక్కు దూలం, చెంప ఎముకలు, చూపుడువేలి కణుపుల మీద మొదటి రంగునే మరి కాస్త ఓకర్ కలిపి అద్దండి. వెలుగు కోసం తెలుపు కలపకూడదు. తెలుపు కలిపిన నల్లని మేను విభూతి పూసినట్లు బూడిదరంగులోకి పోతుంది.

సైనికులందరికీ ఒకే చాయ వేయకండి. మన బజారులో పదిమందిని నిలబెడితే పది చాయలు కనిపిస్తాయి. ఒక్కో బొమ్మకు మిశ్రమాన్ని కొద్దిగా మార్చినా ఆ దళం మనుషుల గుంపుగా కనిపిస్తుంది.

తెల్లని పంచె, తలపాగా వేసినప్పుడల్లా సున్నం పూసినట్లు వస్తున్నాయి. ఎందుకు?

అసలు తెలుపు తోనే మొదలుపెడుతున్నారు కాబట్టి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసిన ఖద్దరును ఒకసారి పగటి వెలుగులో పరచి చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో ఏకిన దూది నుంచి తీసిన ఆ నూలు, తెలుపు అని మనం పిలిచే బట్ట, నిజానికి మీగడ రంగులో ఉంటుంది, దాని మడతల్లో నీడ గోధుమరంగులో ఉంటుంది. ముందుగా లేత ఖాకీ వేసి, మడతల లోపల ఇంకాస్త ముదురు చేసి, పైకి వచ్చేకొద్దీ మీగడ రంగు వేసి, చిట్టచివర మడత శిఖరం మీద మాత్రమే అచ్చ తెలుపును గీతలా లాగండి. మోకాళ్ల కింద ఎర్రమట్టి మరక అద్దితే ఆ మనిషి నడిచి వచ్చినట్లుంటుంది.

కళ్లు వేయడం నాకు రావడం లేదు.

వేయకండి. మీసం వేయండి. ఆట ఆడేవారు బొమ్మను మూడు అడుగుల దూరం నుంచి చూస్తారు, ఆ దూరంలో కంటిపాప కనిపించదు, మీసం కనిపిస్తుంది. కంటి గుంటలో ముదురు గోధుమ గీత ఒకటి ఉంటే చాలు. దళనాయకుడికి మాత్రం కళ్లు కావాలనిపిస్తే, ఆ గీత మీద రెండు వైపులా మీగడ రంగు చుక్కలు పెట్టి మధ్యలో గోధుమరంగును అలాగే మిగల్చండి. చర్మం రంగు వేయక ముందే కళ్లు పూర్తి చేస్తే, చెదిరిన రంగును చర్మంతో సరిదిద్దుకోవచ్చు.

ఇత్తడి ఫిరంగులు నిజంగా ఇత్తడిలా కనిపించాలంటే?

నల్ల రంగు మీద బంగారు రంగు వేస్తే పచ్చగా, చవకగా ఉంటుంది. ముదురు గోధుమ మీద వేయండి. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి గ్రామపు ఇత్తడి చెంబును ఇంట్లో ఎవరైనా చింతపండుతో తోమినప్పుడు చూడండి: చేయి ఆడిన చోట మెరుపు, గీతల సందుల్లో నలుపు మిగిలి ఉంటాయి. ఫిరంగి గొట్టానికీ అదే న్యాయం. బంగారు రంగు మీద గోధుమ వాష్ వేసి ఆరిన తరువాత, అంచుల మీద మాత్రం బంగారంలో వెండి కలిపి అద్దాలి. ఫిరంగి నోటి చుట్టూ మందుగుండు మసి కోసం పొడిబారిన కుంచెతో నల్లరంగు తేలికగా దులపండి.

బొమ్మ కింది నేలకు మన మట్టి వాడవచ్చా?

తప్పకుండా వాడండి, మన నేలను మన సైనికుల కింద చూడటంలో ఉన్న తృప్తి ఏ పెట్టెలోనూ కొనలేరు. ఎర్రమట్టిని టీ వడపోతతో జల్లించి, పాత మూకుడులో వేడి చేసి తేమ పోగొట్టండి. బేస్ (బొమ్మ నిలబడే చిన్న పలక) మీద ఫెవికాల్ పూసి మట్టి చల్లి, ఆరిన తరువాత నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను చుక్కలుగా వేస్తే రాలదు. అసలు మట్టే కదా, రంగు ఎందుకు అనిపిస్తుంది. కానీ అంత చిన్న కొలతలో అది ఒకే రంగు ముద్దలా కనిపిస్తుంది. గోధుమ వాష్ వేసి, లేత రంగును దాదాపు తుడిచేసిన పొడికుంచె ఆడిస్తేనే నేలకు ఎత్తుపల్లాలు వస్తాయి.

ఎండుగడ్డికి గోగునారను మూడు నాలుగు మిల్లీమీటర్లుగా కత్తిరించి కుచ్చుగా నిలబెట్టండి. తాటిచెట్లు లేకుండా మన పొలం పొలం కాదు. అయితే 28 మిల్లీమీటర్ల సైనికుడి పక్కన 15 మీటర్ల తాడిని కొలత ప్రకారం చేస్తే 25 సెంటీమీటర్లు అవుతుంది, ఆడేటప్పుడు చేతికి తగిలి పడిపోతుంది. నేను 18 దగ్గర ఆపుతాను, కంటికి లోటు తెలియదు.

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేయగానే బొమ్మ అంతా తెల్లబడింది. ఇక పోయినట్లేనా?

పోలేదు. ఒక ఆగస్టు సాయంత్రం, వాన వెలిసింది కదా అని పన్నెండు మంది ఆశ్వికుల మీద మ్యాట్ వార్నిష్ కొట్టాను. ఉదయానికి గుర్రాలన్నీ మంచు కురిసినట్లు తెల్లగా ఉన్నాయి. మూడు నెలల పని అది. ఆ రోజంతా వాటి వైపు చూడలేకపోయాను. కారణం గాలిలోని తేమే. పొడి వాతావరణం వచ్చే దాకా ఆగి, కుంచెతో పలుచగా మెరిసే (గ్లాసీ) వార్నిష్ పూస్తే ఆ మసక చాలావరకు పోయి కింది రంగులు తిరిగి కనిపించాయి, తరువాత మళ్లీ మ్యాట్ వేశాను. రెండు గుర్రాలకు మాత్రం మెడ దగ్గర ఆ తెలుపు ఇంకా ఉంది. అప్పటి నుంచి మొత్తం దళం మీద కొట్టే ముందు ఒక పనికిరాని బొమ్మ మీద కొట్టి, తెల్లవారే దాకా చూస్తున్నాను.

బొబ్బిలి యుద్ధాన్ని ఆటగా ఆడటం తగునా?

ఈ జిల్లాలో ఈ ప్రశ్నను తేలికగా దాటకూడదు. 1757 జనవరి 24న బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేనలూ, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు సేనలూ బొబ్బిలి కోటను ముట్టడించాయి. కోట పడిపోతుందని తెలిసినప్పుడు లోపలి స్త్రీలు, పిల్లలు తమవారి చేతుల మీదుగానే ప్రాణాలు విడిచారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే చంపాడు. రెండు పక్షాల ఊళ్లూ ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి, రెండు వైపులా దుఃఖం ఉంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. గోడ బయటి పోరాటాన్ని, ఫిరంగుల అమరికను, నిచ్చెనలు వేయడాన్ని, మట్టిగోడ మీద రక్షకులు నిలబడిన తీరును ఆడవచ్చు. కోట లోపల జరిగినదాన్ని బల్ల మీద పెట్టకూడదు, దానికి పాచికలు వేయకూడదు. మా ఇంట్లో గోడ కూలిన క్షణంలో ఆట ముగుస్తుంది, బొబ్బిలి పక్షం ఎన్ని ఘడియలు నిలబడిందన్నదే గెలుపు లెక్క.

మొదటి ఆటకు నేను పద్మనాభ యుద్ధాన్ని సూచిస్తాను. 1794 జూలై 10న విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనను ఎదిరించి పద్మనాభం ఊరి దగ్గర నేలకొరిగాడు. ఒక కొండ, దాని పాదాన ఊరు, చుట్టూ తెరపి నేల: కొత్తవారు ఒక సెలవు వారంలో తయారు చేయగల బల్ల.

పిల్లలు ఈ పని చేయవచ్చా?

అక్రిలిక్ రంగులు వేయడం పెద్దల పక్కన కూర్చుని చేయవచ్చు. కత్తి, తక్షణ జిగురు, ఎపాక్సీ పుట్టీ, స్ప్రే డబ్బాలు పెద్దవారి పని. రెజిన్‌ను ఆకురాయితో రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిపి రుద్దితే ధూళి లేవదు. సీసం ఉన్న పాత బొమ్మలను చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, మీరు ముట్టుకున్నా అన్నం ముందు చేతులు కడుక్కోండి. కుంచె మొనను నాలుకతో సరిచేసుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానండి.

పాత రంగు తీసేసి మళ్లీ వేయవచ్చా?

వేయవచ్చు. అక్రిలిక్ రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తబరుస్తుంది. ముందుగా బొమ్మ అడుగున కనపడని చోట పరీక్షించి, కాసేపు నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దండి. మంటకు దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. గోళ్ల రంగు తీసే అసిటోన్ లోహపు బొమ్మలకు పరవాలేదు, ప్లాస్టిక్ బొమ్మను మాత్రం ముద్దగా కరిగించేస్తుంది.

పూర్తయిన బొమ్మలను ఎలా దాచాలి?

బేస్ కింద చిన్న అయస్కాంతం అంటించి, ఇనుప ట్రంకుపెట్టెలో నిలబెట్టండి. పెట్టె కదిలినా సైనికులు కదలరు. లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకొకసారి మార్చండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఒక మిత్రుడి ఇంట్లో నేల మీది పెట్టెలోకి నీళ్లు చేరాయి. వార్నిష్ వేసిన బొమ్మలు తుడిస్తే బాగైపోయాయి, కాగితపు జెండాలు, జిగురు మెత్తబడిన బేసులు పోయాయి. పెట్టెను నేల మీద కాక, మంచం ఎత్తుకు పైన ఉంచండి. జెండాలను మాత్రం విడిగా, పుస్తకంలో పెట్టి దాచుకుని, ఆట రోజున కర్రకు తగిలించుకోండి.